ప్రణయ నవలలో సంగీతం

ప్రణయ నవలలు చదవడం మంచి అలవాటా, చెడ్డ అలవాటా అన్న చర్చ మన యిండ్లలో పాతదే. పాఠ్యపుస్తకం నడుమ దాచి చదివిన నవలలు, పోపుల డబ్బా చాటున మూసిపెట్టిన నవలలు మన కుటుంబాలన్నింటికీ తెలిసినవే. చదివేవారిని పట్టుకొని "అందులో ఏమున్నది?" అని అడిగితే, వారు సాధారణంగా సిగ్గుపడి ఊరకుంటారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన భారాన్ని ఈ పూట మేము తలకెత్తుకొన్నాము. అన్ని నవలలనూ గురించి కాదు. ప్రణయ నవలలలో ఒక తెగ ఉన్నది. అందులోని నాయికా నాయకులు గుట్టు గల మనుషులు. మనసులోని మాట పెదవి దాటనివ్వరు. వారిని దగ్గరకు చేర్చేది సంభాషణ కాదు, సంగీతం. అటువంటి నవలలను ఎందుకు చదవాలి, చదివితే మనకు అబ్బేది ఏమిటి అన్నదే నేటి ప్రస్తావన.

సంగతి సీమకు సంబంధించినదైనా, మా యింటి ముచ్చట ఒకటి ముందుగా మనవి చేస్తాము.

మా మేనత్తగారికి పెళ్ళిచూపులు జరిగినది 1966లో. ఆ రోజులలో పిల్లను చూడవచ్చినవారు "అమ్మాయి చేత ఒక పాట పాడించండి" అనడం మర్యాదలో ఒక భాగం. ఆమె హార్మోనియం ముందు కూర్చొని మోహనరాగంలో ఒక కీర్తన పాడినది. పాట సాగుతున్నంతసేపూ పెద్దలు కట్నకానుకల మాటలు చెప్పుకొన్నారట. పాట ముగియగానే అందరూ కలసి "చాలా బాగున్నది" అన్నారట. సంబంధం కుదిరినది. హార్మోనియం అత్తవారింటికి వెళ్ళినది, ఆ యింటి అటక యెక్కినది. తరువాత ఆమెను పాడమని అడిగినవారు లేరు. మామయ్యగారు మితభాషి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు కాఫీని గురించి. ఆయనకు ఒక్క అలవాటు మాత్రం ఉండేది. ప్రతి ఉదయం భక్తిరంజని వేళకు హాలులోని రేడియోను తెచ్చి వంటింటి కిటికీలో పెట్టేవారు. అది ఎందుకో మాకు చాలాకాలం తెలియలేదు.

ఈ ముచ్చటను ఇక్కడ ఆపి, ఇంగ్లండుకు వెళ్దాము.

జేన్ ఆస్టిన్ 1775లో పుట్టి 1817లో మరణించిన రచయిత్రి. ఆమె మొదటి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811లో అచ్చయినప్పుడు ముఖపత్రం మీద ఆమె పేరు లేదు. 'ఒక స్త్రీ వ్రాసినది' అని మాత్రమే ఉన్నది. ఇంతటి గుట్టు గల రచయిత్రికి పియానో అంటే ప్రాణం. 1808 డిసెంబరులో అక్కగారికి వ్రాసిన ఉత్తరంలో, కొత్త యింటికి మారిన తరువాత 30 గినీలకు దొరికినంతలో మేలైన పియానో కొనుక్కొందామని ఆమె ఉత్సాహపడినది. 1809లో వారు హాంప్‌షైరులోని చాటన్ గ్రామానికి మారారు. అక్కడ ఆమె ప్రతి ఉదయం ఫలహారానికి ముందు, ఇతరులు గదిలోకి రాకముందే పియానో సాధన చేసుకొనేదని మేనకోడలు కారొలైన్ తన జ్ఞాపకాలలో చెప్పినది. ఆ యింట మిగిలినవారికి సంగీతం మీద అంత మక్కువ లేదట. ఎవరికీ ఇబ్బంది కలుగకుండా ఆమె ఆ వేళను ఎంచుకొన్నదేమోనని ఆ మేనకోడలి ఊహ. ఆమె స్వహస్తంతో వ్రాసుకొన్న స్వరపత్రాలు నేటికీ భద్రంగా ఉన్నవి. వినేవారు లేని పాట ఎటువంటిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆనాటి ఇంగ్లీషు మధ్యతరగతిలో కన్నెపిల్లకు పియానో వాయించడం ఒక అర్హత. మన పెళ్ళిచూపుల పాటకు అది అక్కగారు అనవచ్చు. యువతీ యువకులు ఏకాంతంగా మాట్లాడుకోవడానికి అవకాశం లేని సంఘమది. ఉత్తరాలు వ్రాసుకోవాలన్నా నిశ్చితార్థం జరిగి ఉండాలి. కాని పదిమంది ఉన్న హాలులో ఆమె వాయిస్తూ ఉంటే, అతడు పియానో పక్కన నిలబడవచ్చు, స్వరపత్రం పుట తిప్పవచ్చు, ఆమెతో గొంతు కలపవచ్చు. దానిని తప్పు పట్టేవారు లేరు. అందువల్ల పియానో ఆ సంఘంలో వాద్యం మాత్రమే కాక, మర్యాద అనుమతించిన ఒక కిటికీ అయినది. ఆ కిటికీ దగ్గర ఎవరు నిలబడ్డారు, ఎలా నిలబడ్డారు అన్నది జేన్ ఆస్టిన్ శ్రద్ధగా గమనించినది.

'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో మారియాన్ అనే పిల్ల ఉన్నది. పదహారు దాటి పదిహేడు నిండని వయసు. ఆవేశం పాలు ఎక్కువ. తండ్రి పోయి, ఉన్న యిల్లు సవతి అన్నగారి పాలై, తల్లితోను అక్కచెల్లెళ్ళతోను ఒక చిన్న కుటీరానికి చేరుకొన్నది. సమీపంలోని జమీందారు సర్ జాన్ వారిని విందుకు పిలిచి, ఆమెను పాడమంటాడు. అప్పుడు రచయిత్రి నవ్వు దాచుకొని ఒక సంగతి చెబుతుంది. ఆ పియానో మీద ఉన్న స్వరపత్రాలు జమీందారుగారి భార్య పెళ్ళినాడు పుట్టింటి నుంచి తెచ్చుకొన్నవి, బహుశా ఆనాటి నుంచి అవి కదలలేదు. పెళ్ళి అయిన సంతోషంలో ఆవిడ సంగీతానికి స్వస్తి చెప్పినది! ఇది చదివినప్పుడు మాకు అటక మీది హార్మోనియం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

మారియాన్ పాడుతుంది. సర్ జాన్ ప్రతి పాట చివరా గట్టిగా మెచ్చుకొంటాడు, ప్రతి పాట నడుస్తున్నంతసేపూ అంత గట్టిగానూ కబుర్లు చెబుతాడు. భార్య అతడిని మందలిస్తుంది. మందలించి, అప్పుడే పాడి ముగించిన పాటనే మళ్ళీ పాడమని అడుగుతుంది. ఆ గదిలో ఒక్కడు మాత్రం మాట్లాడకుండా కూర్చొన్నాడు. ఆయన కర్నల్ బ్రాండన్. ముప్పయి అయిదు దాటిన మనిషి, గంభీరుడు, ఏదో పాత దుఃఖాన్ని లోపల దాచుకొన్నవాడు. ఆహా అనలేదు, ఓహో అనలేదు. విన్నాడు, అంతే. ఆయన చేసిన సత్కారమంతా ఆ వినడమే. మారియాన్‌కు ఆయన మీద ప్రేమ కలుగలేదు. ఆయన ఆమె కళ్ళకు ముసలివాడు. కాని ఆ క్షణంలో ఆయన యెడల కొంత గౌరవం కలిగినది. ఆ విత్తనం మొలకెత్తడానికి నవల దాదాపు అంతా పడుతుంది.

మధ్యలో విల్లోబీ వస్తాడు. అందగాడు, చక్కగా పాడగలవాడు. మారియాన్‌తో గొంతు కలుపుతాడు, ఆమెకు తన చేతితో స్వరాలు వ్రాసి యిస్తాడు. ఇద్దరి అభిరుచీ ఒక్కటే అని ఆమె నమ్ముతుంది. ఒకనాడు అతడు చెప్పీ చెప్పకుండా ఊరు విడిచిపోతాడు. ఆమె అతడితో పాడిన పాటలనే మళ్ళీ వాయించుకొంటూ, అతడు వ్రాసిన స్వరాల వంక చూస్తూ, గంటల తరబడి పాడుతూ ఏడుస్తూ గడుపుతుంది. చివరకు అతడు 50,000 పౌండ్ల ఆస్తి గల మరొక యువతిని పెళ్ళాడతాడు.

ఇక్కడ రచయిత్రి తేల్చిన సంగతి చాలా పెద్దది. సంగీతం మనుషులను కలుపుతుందని లోకమంతా చెబుతుంది. ఆమె కూడా కాదనలేదు. కాని, కలసి పాడడం ఒకటి, వినడం వేరొకటి అని చూపించినది. పాడేటప్పుడు మనిషి తన గొంతును తానే ప్రేమించుకొంటూ ఉండవచ్చు. ఎదుటివారు అందులో అద్దం మాత్రమే కావచ్చు. వినేటప్పుడు అటువంటి సౌకర్యం లేదు. విన్నంతసేపు తన్ను తాను పక్కన పెట్టవలసిందే. గుట్టు గల మనిషిలో ప్రేమ ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే, అతడు ఏమి పాడాడో చూడనక్కరలేదు, ఎలా విన్నాడో చూడాలి.

పాటను గుట్టుకు తెరగా వాడుకొన్నవారు కూడా ఉన్నారు. 1815 డిసెంబరులో వెలువడిన 'ఎమ్మా' నవలలో జేన్ ఫేర్‌ఫాక్స్ అటువంటి కథలో చిక్కుకొన్న పిల్ల. అనాథ, సంగీతంలో నిపుణురాలు, ఇతరుల యిళ్ళలో పంతులమ్మగా పనిచేసి బ్రతకవలసిన గతి. అందరూ ఆమెను మితిమీరిన గుట్టు మనిషి అంటారు. ఆమె హైబరీ అనే ఊళ్ళో పెద్దమ్మగారింట ఉండగా, లండనులోని బ్రాడ్‌వుడ్ సంస్థ నుంచి ఒక పియానో వస్తుంది. పంపినవారి పేరు లేదు. ఊరంతా ఊహాగానాలు. అంతకు ముందే ఫ్రాంక్ చర్చిల్ అనే యువకుడు జుట్టు కత్తిరించుకొని వస్తానని లండను వెళ్ళి వచ్చాడు. ఇంతమాత్రానికి అంత దూరమా అని ఊరు నవ్వుకొన్నది. నిజానికి ఆ ఇద్దరికీ వేమత్ అనే సముద్రతీరపు ఊళ్ళో రహస్యంగా నిశ్చితార్థం జరిగిపోయినది. ఆ సంగతి మాత్రం చదువరికి చాలాసేపటి వరకు తెలియదు.

పియానో వచ్చిన తరువాత ఒకనాడు కథానాయిక ఎమ్మా మరికొందరితో ఆ యింటికి వెళ్తుంది. ఫ్రాంక్ ముసలమ్మగారి కళ్ళజోడు బాగుచేస్తూ ఉంటాడు. జేన్ పియానో వైపు తిరిగి నిలబడి ఉంటుంది, వెంటనే వాయించలేకపోతుంది. వాయించిన తరువాత అతడు, ఒకప్పుడు సంతోషం కలిగించిన బాణీని మళ్ళీ వినడం ఎంత భాగ్యమో అన్న అర్థంలో పైకి మామూలుగా ఒక మాట అంటాడు. ఆమె తలయెత్తి చూస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, వేరొక బాణీ అందుకొంటుంది. ఎమ్మా ఇదంతా చూసి, వేరెవరినో ఊహించుకొని, తాను ఎంతో తెలివైనదాననుకొంటుంది. మొదటిసారి చదివినప్పుడు మనమూ ఎమ్మా వెంటనే నడుస్తాము. రెండవసారి చదివినప్పుడు ఆ గదిలో ఇద్దరి గుండె చప్పుడు వినబడుతుంది. అక్షరం మారలేదు, మన చెవి మారినది. నవలను రెండుసార్లు చదవడం వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి ఇంతకంటె మంచి సమాధానం మాకు తెలియదు.

అయితే ఆ కానుక జేన్‌కు సుఖం ఇవ్వలేదు. పదిమందిలో తలయెత్తలేని స్థితి తెచ్చిపెట్టినది. అంతకు ముందు ఒక విందులో ఫ్రాంక్ ఆమెతో గొంతు కలిపి, ఇంకొక పాట, ఇంకొక పాట అని బలవంతం చేస్తాడు. ఆమె గొంతు బొంగురుపోతున్నదని గమనించినవాడు అతడు కాదు. దూరంగా కూర్చొన్న నైట్లీ గమనించాడు. ఆ పిల్లను ఇక ఆపమని ఆమె పెద్దమ్మగారితో కాస్త గట్టిగానే చెప్పాడు. ఆ నైట్లీకి జేన్‌తో ఏ ప్రణయమూ లేదు. వినడం తెలిసిన మనిషి, అంతే. నవల చివర అతడే ఎమ్మాకు భర్త అవుతాడు. రచయిత్రి తూకం ఎటువైపు మొగ్గినదో వేరుగా చెప్పనక్కరలేదు.

చివరి నవల 'పర్సుయేషన్'. రచయిత్రి మరణించిన అయిదు నెలలకు, 1817 డిసెంబరులో వెలువడినది. ఇందులో ఆన్ ఎలియట్‌కు యిరవై యేడేళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట నావికాధికారి వెంట్‌వర్త్‌ను ప్రేమించి, ఆస్తి లేనివాడని పెద్దలు నచ్చచెప్పగా నిశ్చితార్థాన్ని రద్దు చేసుకొన్నది. ఇప్పుడతడు ధనవంతుడై తిరిగి వచ్చాడు. అభిమానం దెబ్బతిన్న మనిషి, మొహం చాటేసుకొని తిరుగుతున్నాడు. బంధువుల యింట అందరూ నాట్యం చేస్తూ ఉంటే ఆన్ పియానో ముందు కూర్చొని వాయిస్తుంది. ఒక్కొక్కప్పుడు కళ్ళు చెమ్మగిల్లుతాయి. తన్ను ఎవరూ గమనించనందుకు ఆమె సంతోషిస్తుంది. ఆవిడ యెన్నడూ నాట్యం చేయదా అని అతడు పక్కవారిని అడగడం ఆమె చెవిని పడుతుంది. ఒకసారి ఆమె లేచి వెళ్ళినప్పుడు అతడు ఆ పీట మీద కూర్చొని ఏదో బాణీ పలికించబోతాడు. ఆమె తిరిగి రాగానే అతిమర్యాదతో లేచి చోటు ఇచ్చివేస్తాడు. తిట్టినా అంత బాధ కలుగదు.

ఆన్‌ను గురించి రచయిత్రి చెప్పిన ఒక సంగతి మమ్మల్ని ఎప్పుడూ వెంటాడుతూ ఉంటుంది. పద్నాలుగో యేట తల్లి పోయిన నాటి నుంచి, ఆమె వాయిస్తూ ఉంటే నిజమైన అభిరుచితో విన్నవారు లేరు, ఒక్క స్వల్పకాలంలో తప్ప. ఆ స్వల్పకాలం ఏదో రచయిత్రి విప్పి చెప్పదు, చదువరే గ్రహించాలి. కథ ముగిసేది కూడా వినికిడితోనే. బాత్ నగరంలోని ఒక సత్రంలో వెంట్‌వర్త్ బల్ల దగ్గర కూర్చొని ఉత్తరం వ్రాస్తూ ఉంటాడు. ఆన్ అతడి స్నేహితుడితో, స్త్రీల ప్రేమ ఎంతకాలం నిలుస్తుందో మెల్లగా మాట్లాడుతుంది. ఆ తగ్గుస్వరం మిగిలినవారికి అందకపోయినా అతడికి అందుతుంది. ఎనిమిదేళ్ళ కిందట పియానో దగ్గర అలవాటైన చెవి అది. అతడు అక్కడే మరొక కాగితం మీద తన హృదయం వ్రాసి యిచ్చాడు.

ఇక మా యింటికి తిరిగి వద్దాము.

మేము విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజులలో, 2001 వేసవిలో అనుకొంటాము, గోదావరి తీరాన మేనత్తగారింట ఉండగా 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' చదువుతున్నాము. మధ్యాహ్నం ఆమె చింతకాయ దంచుతూ "ఆ పుస్తకంలో కథేమిటి?" అని అడిగినది. చెప్పాము. పెళ్ళి కాగానే పియానో మూసివేసిన జమీందారిణి సంగతి వినగానే, "అక్కడ కూడా అటకలు ఉన్నాయన్నమాట!" అని నవ్వినది. తరువాత, అందరూ మాట్లాడుతూ ఉండగా ఒక్కడు మాత్రం మౌనంగా విన్నాడని చెప్పాము. మామయ్యగారు వరండాలో పడకకుర్చీలో పత్రిక చదువుతున్నారు. పత్రిక దించకుండానే అన్నారు: "ఆవేళ పల్లవి రెండో సంగతి దగ్గర నువ్వు ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నావు."

రోకలి ఆగిపోయినది. కొంతసేపటికి ఆమె "ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?" అన్నది.

"పెద్దవాళ్ళంతా బాగుందన్నారు కదా. నేను వేరే చెప్పాలా అనుకున్నాను" అన్నారాయన.

ముప్పయి అయిదేళ్ళు! ఒక్క యింట, ఒక్క కప్పు కింద, ఆమె తన పాటను ఎవరూ వినలేదనుకొన్నది. ఆయన తాను విన్న సంగతి చెప్పనక్కరలేదనుకొన్నారు. రేడియో ప్రతి ఉదయం వంటింటి కిటికీలోకి ఎందుకు వచ్చేదో మాకు అప్పుడు తెలిసినది. ఆమెకూ అప్పుడే తెలిసినదని మా అనుమానం. మరునాడు ఆయనే మనిషిని పిలిపించి హార్మోనియం దింపించారు. తిత్తిని ఎలుకలు కొరికివేసినవి. రాజమండ్రి పంపి బాగుచేయించారు. "ఇప్పుడు ఈ గొంతు ఎవరు వింటారు?" అన్నదామె. "వినవలసినవాణ్ణి నేనే కదా" అన్నారాయన. ఆమె ఎంత బాగా పాడినదన్న విషయం ఈ ప్రసంగానికి అవసరం లేదు.

అందువల్ల, ప్రణయ నవలలో ఏమున్నదని ఎవరైనా అడిగితే, మేము ఇచ్చుకోగల జవాబు ఇది. గుట్టు తప్పు కాదు. అది కొందరికి స్వభావం, కొందరికి రక్ష, మరికొందరికి పెంపకం. కాని ప్రేమ ఉన్నా అది ఎదుటివారికి అందకపోతే, ఒక జీవితకాలం వృథాగా గడిచిపోవచ్చు. వెంట్‌వర్త్ ఎనిమిదేళ్ళు పోగొట్టుకొన్నాడు. మా యింట ముప్పయి అయిదేళ్ళు పోయినవి. మంచి నవల ఆ నష్టాన్ని మన కళ్ళకు కట్టి, ఇంకా సమయం ఉండగా మన చేత ఒక మాట అనిపిస్తుంది. ఆనాడు మామయ్యగారి చేత ఆ మాట అనిపించినది రెండు వందల యేళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు కథే.

మా వృత్తి కూడా ఒక విధంగా ఇటువంటిదే. స్టూడియోలో మైకు ముందు కూర్చొన్నప్పుడు ఎదుట మనిషి కనబడడు. పాట వేస్తాము, మాట చెబుతాము. విన్నవారు ఆహా అన్నదీ, ఊరక కూర్చొన్నదీ మాకు తెలియదు. మౌనంగా విన్న శ్రోత ఎక్కడో ఒక యింట ఉన్నాడన్న నమ్మకమే మాకు ఆధారం. మీ యింట రేడియోలో ఒక పాట వస్తున్నప్పుడు, పక్కన కూర్చొన్నవారు పని ఆపి వింటున్నారేమో ఒక్కసారి చూడండి. వారికి ఆ పాటతో ఏ జ్ఞాపకం ముడిపడి ఉన్నదో, పాట ముగిసిన తరువాత అడగండి.

పాట ముగిసేదాకా మాత్రం మాట్లాడకండి. కర్నల్ బ్రాండన్ మాట్లాడలేదు.